చింతపండు ఉరఫ్ మున్షీ

ముందే చెప్తున్న, నాకు పిల్లులంటే పడదు.
వానకాలం ఒకనాడు కవాడిగూడ ఇంట్ల
బియ్యం డ్రమ్ము వెనక దొరికింది అండాలుకు.
తడిసి ముద్దై, నలుపూ ఎరుపూ కాని రంగు.
"పాత చింతపండు లెక్కున్నది" అన్న నేను, తిట్టినట్టే.
అదే పేరైంది.

ఇల్లు మారిన రోజు
ట్రాలీ ఆటోల బీరువా, మంచం, గ్యాసు బండ,
గోనెసంచిల చింతపండు.
రామ్‌నగర్ గుండు దగ్గర సిగ్నల్ పడ్డది.
సంచి మూతి నేనే కట్టిన.
నేనే వదులుగ కట్టిన.
ఆ ముక్క అండాలు ఒక్కసారి గూడ అనలే.
అంటే బాగుండు.

పార్శిగుట్ట కొత్తింట్ల పాలు పొంగినయ్,
పొయ్యి మీదికెల్లి గట్టు మీదికి, గట్టు మీదికెల్లి కిందికి.
నాకేటందుకు ఎవ్వరు లేరు.
అండాలు గుడ్డ తీసుకొని తుడిచింది,
చానాసేపు తుడిచింది.

నాది కరెంటు మీటర్లు చూసే పని.
రోజుకు నూటయాభై గడపలు.
బిల్లు చింపి ఇచ్చుకుంట అడుగుడు మొదలువెట్టిన:
"అమ్మా, ఎడమ చెవి చీలిన పిల్లి..."
"బిల్లెందుకు గింతొచ్చింది?" అంటరు వాళ్లు.
ఒకాయన, "యూనిట్లు తగ్గియ్, వెతికి పెడత" అన్నడు.
చేపల మార్కెట్ల చూడుమన్నరు అందరు,
నాకు ఆ మాత్రం తెలువనట్టు.
చేపల మార్కెట్ల పదకొండు పిల్లులున్నయ్.
పదకొండూ నన్ను ఎగాదిగా చూసినయ్.

రాత్రిళ్లు గడప బయట సత్తుగిన్నెల పాలు.
ఎవలదో నల్లపిల్లి వచ్చి తాగిపోయేది.
అండాలు అదిలించలే.
"దానికి గూడ ఏడనో ఎవలో పెడుతుండొచ్చు" అన్నది.

నలభై ఒకటో రోజు, భోలక్‌పూర్.
తోళ్ల గోదాముల వెనక సందు,
మెట్ల కింద చీకట్ల మీటరు.
టార్చి వేస్తే అంకెలకన్న ముందు
రెండు పచ్చ దీపాలు.
మీటరు పైన చెక్క మీద
కాళ్లు మడుచుకొని, ఆఫీసర్ లెక్క.
"చింతపండూ" అన్న.
ఆవులించింది.

ఫోను చేసి స్పీకర్ల పెట్టిన.
"ఏందయ్యా" అన్నది అండాలు, పని నడుమ, విసుగ్గ.
గంతే.
చీలిన చెవి తిరిగింది.
బుజ్జగింపు లేదు, పేరు పెట్టి పిలుసుడు లేదు,
నన్ను విసుక్కునే గొంతు చాలింది దానికి.
తోక లేచింది.

అప్పుడు మెట్ల మీదికెల్లి ఇంకో గొంతు:
"మున్షీ!"
చెవి అటు గూడ తిరిగింది.

మెహరున్నీసా బేగం. ఒక్కతే ఉంటది.
జరీ పని సూదిల దారం ఎక్కిచ్చుకుంట దిగింది.
లెక్కల బుక్కు తెరిస్తే చాలు, వచ్చి దాని మీద కూసుంటదట,
అందుకే మున్షీ.
"తుమారీచ్ హై క్యా?" అన్నది.
నా ఫోన్ల అండాలు ఏడుస్తనే ఉన్నది,
ఇగ నేనేం జవాబు చెప్పాలె.
ముసలామె తన పాత దుపట్టల చుట్టి చేతుల పెట్టింది.
ముడి గట్టిగ వేసింది.
బిల్లు ఎంతని అడిగింది.
నూటెనిమిది రూపాలు.
గా మిషన్ల తగ్గించే మీట లేదు.

ఇంటికొచ్చి చింతపండు
తెలువని గోడలు నాలుగూ వాసన చూసి,
నల్లపిల్లి తాగిన గిన్నె వాసన చూసి,
అలిగి బీరువా కింద దూరింది.
బీరువా పాతదే గద.
తెల్లారగట్ల వచ్చి అండాలు పక్కల ముడుచుకున్నది.
అండాలు దాని మెడల ముక్కు పెట్టి,
"అత్తరు" అన్నది.
జరసేపాగి, "రోజూ దువ్వింది పాపం" అన్నది.

నెల తిరిగింది. భోలక్‌పూర్ రీడింగు.
ఈసారి నా బండి ఎనక అండాలు,
ఒళ్లె మూతబుట్ట, బుట్టల గుర్రుమనుకుంట అది.
మెట్ల మీద ఇద్దరాడోళ్లు కూసున్నరు.
ఒకామెది సగం తెలుగు, ఒకామెది సగం ఉర్దూ.
దానికి పెరుగు పడదని ఈమె,
గిన్నెడు నాకేదని ఆమె.
పిల్లి లెక్కల బుక్కు మీద.

నేను మెట్ల కింద టార్చి పట్టుకొని
అంకెలు చూస్తున్న.
మీటరు పైన చెక్క మీద
నాలుగు వెంట్రుకలు, చింతపండు రంగువి.
తుడవలే.