చివరాకు

మహాలయ అమాస.
మబ్బు తేటబడింది.
చెనిక్కాయ చెట్లు పెరికిన చేతులతోనే
పలమనేరు నుంచి, రాయవేలూరు నుంచి
అందరమూ వచ్చినాము, గోళ్ళల్లో ఎర్రమన్ను.

గోడవార ఆకులు పరిచి
చెంగల్రాయుడు తాతకు బీడీకట్ట,
కుప్పమ్మ జేజికి నశ్యం డబ్బీ,
గెనిమ తగాదాకు పదేండ్లు
చిత్తూరు కోర్టు మెట్లెక్కి గెలిచిన పెద్దబ్బకు
గలాసు నిండా కాఫీ, చక్కెర ఎక్కువ.

"గెలిచిందెక్కడ, రాజీ పడినాడు" అంటాడు చిన్నాయన.
"నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉండావు, నీకేం తెలుసు"
అంటుంది రాయవేలూరత్త.
వడలు చల్లారిపోతా ఉంటాయి.
ఏటా ఇదే వాదన.
ఏటా ఒక సాక్షి తగ్గతాడు.

చివరాకు చిన్నది.
దాంట్లో పచ్చి చెనిక్కాయలు పిడికెడు, అంతే.
"ఇది ఎవురికి?" అనింది నా కూతురు.
ఎవురికీ తెలీదు.
జేజి పెట్టేది, మాట్లాడకుండా.
అందుకని మేమూ పెడతాము.

మిద్దెమీద కా కా అని పిలిచి పిలిచి
గొంతులు పోయినాక వచ్చింది కాకి.
వడ ముట్టలా, పాయసం చూడలా.
ఒక చెనిక్కాయ ముక్కున కరుచుకుని
చింతతోపు దిక్కు ఎగిరిపోయింది.

కాసేపు ఎవురూ మాట్లాడలా.

అత్త కొంగుతో గలాసు తుడిచి అందిస్తే
చల్లారిన పెద్దబ్బ కాఫీని
చిన్నాయన గటగటా తాగేసినాడు,
రాజీ పడినట్టే.