బోణీ

ఇంకా పూర్తిగా తెల్లారలేదు.
దోంగ్ బా బజార్లో బల్బులు
ఆవులిస్తున్నట్టు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.
నది దాటొచ్చిన తామరకాడలు,
తడి గోనెల వాసన.

రొయ్యల ముద్ద జాడీల వెనక ఖుయెన్ అవ్వ
మూత తీసి, వేలికొసన ఇంత రాసి
నాకి చూడమంది.
ధర అడిగాను. ఎక్కువన్నాను.
నా దలాత్ యాస వినే పెంచిందనుకున్నాను.
"మళ్ళీ వస్తాలే" అని కదిలాను.

వెనక అగ్గిపుల్ల గీసిన చప్పుడు.
పాత కేలండర్ కాగితం ముట్టించి
జాడీల మీదుగా, డబ్బుల డబ్బా మీదుగా
తిప్పుతోంది అవ్వ,
నా అడుగు తెచ్చిన అరిష్టాన్ని
పొగబెట్టి తరుముతోంది.

మొహం చెల్లక
పక్క సందులో జానెడు ప్లాస్టిక్ పీట మీద కూలబడ్డాను.
చిట్టి ఆల్చిప్పల అన్నం.
రాత్రి మిగిలిన చద్దన్నం, అరటిపువ్వు తరుగు,
వేయించిన పంది తోలు, పైన
చెవుల్లోంచి ఆవిరొచ్చే మిరప.
"ఏడుస్తున్నావా అక్కా?" అంది వడ్డించే పిల్ల.
"కారం" అన్నాను.
సగం నిజం.

తిరిగెళ్ళేసరికి అవ్వ ముందు ఆరుగురు.
నా వంతుకి నోరెత్తకుండా డబ్బిచ్చాను.
ఆమే నోటొకటి వెనక్కిచ్చి,
గరిటెడు కొసరేసి,
"కాగితం కాలిందో లేదో, జనం విరగబడ్డారు" అంది.
తిట్టో మెప్పో తెలీలేదు.

ఇంట్లో అత్త డబ్బా అందుకుంది.
మూతకంటిన నల్లటి బూడిద రేకుని
గోటితో గీకి,
నా వంక చూసింది.
"బోణీ నువ్వేనా?"