ఒగ్గీ

మార్గశిరం. బురుజుపేట నుంచి గుడి మైకు.
పాత పోస్టాఫీసు వెనక మా మేడ మీద
నీళ్ల ట్యాంకు పక్కన కూచుని
యారాడ కొండను మళ్లీ వేస్తున్నాను.
ఇది ఇరవై మూడోదో, నాలుగోదో.
కొండ కదలదు. అదే కష్టం.
కదలనిదాన్ని పట్టుకోవడానికి
ఒక్కచోట నిలవని నీళ్లు తప్ప నా దగ్గరేమీ లేదు.

నేర్పినవాడు బంగారినాయుడు.
గాజువాకలో లారీల వెనక నెమళ్లు వేసేవాడు.
ఎనామిల్ వాసనకు రొమ్ము పట్టేసి
డాక్టరు వద్దన్నాక నీళ్లరంగుల్లోకి వచ్చాడు.
"ఎనామిల్ సెప్పినట్టు ఇంటాది.
నీళ్లు అలగ కాదు. అడగాల" అనేవాడు.

మొదటిరోజు నేను మంచు వేయబోతే
తెల్లరంగు ట్యూబు లాక్కుని జేబులో వేసుకున్నాడు.
ఇప్పటికీ తిరిగివ్వలేదు.
"మంచు నువ్వేస్తే వస్తాదేటి?
అది ముందే ఉన్నాది కాయితంలో.
కొండెయ్. మంచుని ఒగ్గీ."

ఒగ్గీ.
అమ్మ గిన్నె అడుగున మాడింది గీకుతుంటే
నాయనమ్మ అనే మాట.
నాన్న చల్లబడిన చెయ్యి పట్టుకు కూచున్న నన్ను
ఎవరో భుజం తట్టి లేపుతూ అన్న మాట.
ఆ రోజు అది నాకు తిట్టులా వినబడింది.

పదకొండింటికి గాలి మళ్లుతుంది.
పోర్టు బొగ్గుపొడి
దండెం మీది చీరలనీ, తడి ఆరని నా ఆకాశాన్నీ
తేడా చూడకుండా వాలుతుంది.
మొదట్లో ఊదేదాన్ని. ఊదితే చారలు.
తుడిస్తే మరక.
ఇప్పుడు బ్రష్షు కడిగేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని
ఒక్కో రేణువు చుట్టూ నీలం
ఎలా దారి చేసుకుంటుందో చూస్తాను.
నేను పెట్టలేని బరువు కొన్నిసార్లు
ఆ పొడే కొండకు పెట్టిపోతుంది.
కొన్నిసార్లు బొమ్మ పాడవుతుంది. అదీ చెప్పాలి.
కాగితం అరవై రూపాయలు.

వైశాఖంలో సింహాచలం వెళ్లాం, నిజరూపానికి.
తొమ్మిది గంటల క్యూ.
ఏడాది పొడుగునా చందనపు ముద్దలా ఉండే అప్పన్న
ఆ ఒక్కరోజే తానుగా ఉంటాడట.
నా వంతుకి వెనక నుంచి తోపు,
ముందు ఎవరిదో నున్నటి గుండు.
ఏం చూశానో ఇప్పటికీ చెప్పలేను.
దిగుతూ మెట్ల మీద ఆగి
రొప్పుతూ అన్నాడు బంగారినాయుడు:
"రాత్రికి మళ్లీ పూసెత్తారు.
పూతకే దండం పెడతాం ఏడాదంతా.
తప్పేటుంది? కింద ఉన్నాడని తెలుసు కదా."
నేనేమీ అనలేదు. దాహం వేస్తోంది.
చలివేంద్రంలో చెరో గ్లాసు మజ్జిగ తాగాం.

ఇప్పుడతను మెట్లెక్కలేడు.
బొమ్మ నేనే తీసుకెళ్తాను.
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
కాగితాన్ని ముక్కుదాకా తెచ్చుకుంటాడు.
కొండను చూడడు. ఖాళీలు చూస్తాడు.
"ఇక్కడ ఒగ్గీసినావు" అంటాడు శిఖరం మీద వేలుంచి.
వేలు కిందికి, సముద్రం అంచుకి జారుతుంది.
"ఇక్కడ బయపడ్డావు."

రెండూ తెల్లగానే ఉన్నాయి.
ఎన్నిసార్లు చూసినా నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

ఇంటికొచ్చి మేడెక్కాను.
పొద్దున కొండను కడిగిన నీళ్లు
డబ్బాలో ఇంకా ఉన్నాయి, బూడిద రంగులో.
కరివేపాకు కుండీలో పోశాను.
చీకట్లో లైట్‌హౌస్ ఒకసారి వెలిగింది.
అది వెలగని క్షణంలో కూడా
కొండ అక్కడే ఉందని
ఎందుకో ఈ రాత్రి
లేచి చూడాలనిపించలేదు.