పళ్ళ కేసు

గుంటూరు మిర్చి యార్డులో కుక్కగా పుట్టి
డిటెక్టివు అవుదామనుకోవడం నాదే తప్పు.
వాసన పడదామని ముక్కు వంచితే
పదకొండు తుమ్ములు.
నా అసిస్టెంటు లవంగం (పిల్లి)
తుమ్ములు లెక్కపెడుతుంది,
సాయం మాత్రం చెయ్యదు.

ఆ పొద్దున కాటా గుమస్తా బసవపున్నయ్య గారు
బోసినోటితో ఒకటే గోల: "నా పళ్ళు! నా పళ్ళు!"
రాత్రి గ్లాసులో పెట్టుకున్నవి.
తెల్లారేసరికి నీళ్ళే మిగిలాయి.

హమాలీల మొహాలు ఒక్కొక్కటే చూశాను.
తేజా టిక్కీలు విప్పిన రోజు:
అందరి కళ్ళూ ఎరుపే,
అందరి ముక్కులూ ధారే.
ఎవర్నని అనుమానించను?
మేకనడిగితే నెమరు ఆపలేదు.
ఎలక, లాయరొస్తే గాని నోరు విప్పనంది.

లవంగం ఎంతసేపట్నుంచో పైకే చూస్తోంది,
తన కారణాలు తనవి.
నేనూ చూశాను.
టిక్కీల మీద, పండుమిరపకాయ కొరుకుతూ,
కంట చుక్క నీరు లేని
ఒకే ఒక్క శాల్తీ:
ఏసోబు జోస్యం చిలక!

పంజరంలో, జోస్యం అట్టల వెనకాల,
పలువరస మొత్తం ఇకిలిస్తూ దొరికింది.

"పళ్ళన్నాడుగా," అంది చిలక చిరాగ్గా.
"రాత్రంతా కొరికాను.
ఒక్కటీ పండలేదు."