ముప్పై ఒకటో నంబరు

ఆట ఎట్లుంటుందో నేను చూళ్ళేదు.
ఆదివారం ఆట, సోమవారం మూట.
టెంపో గజేంద్ర గిరింపేట సందులో దించి
"లెక్క చూసుకో అక్కా" అంటాడు.
ఇరవై చొక్కాలు, ఇరవై నిక్కర్లు.
మేజోళ్ళు మటుకు ఎప్పుడూ బేసి.

దేశంలో రెండో మెట్టు లీగంట ఇది.
పైన ఒకటుండాది, టీవీలో వచ్చేది.
కింద ఇంకోటుండాది, ఎవురూ మాట్లాడనిది.
నడాన మన చిత్తూరు,
బెంగుళూరికీ మద్రాసుకీ నడాన
బస్సు టీ తాగడానికి ఆగినట్టు.

కార్తీకంలో మొదలైంది.
తొలి మూట నిండా ఎర్రమన్ను, మన మన్నే,
మోకాళ్ళ కాడ, మోచేతుల కాడ.
గెలిచిన చొక్కాలు తిరగబడి వస్తాయి,
తలమీంచి లాగి గాల్లో తిప్పుంటారు.
ఓడినవి మడత పెట్టుకోని వస్తాయి,
తప్పు చేసిన పిలకాయల్లాగ.

గోవా పోయొచ్చిన మూటలో ఇసక.
షిల్లాంగు మూటలో
నా ముక్కు ఎరగని గడ్డి వాసన.
కలకత్తా బురద మూడు నీళ్ళకీ వదల్లేదు.
నాలుగు గోల్సు తిన్నారని
గజేంద్ర చెప్పకముందే నా వేళ్ళకి తెలుసు.

పుష్యంలో మామిడి పూతని మంచు కొట్టింది.
ఆరు వారాలు అన్నీ మడత చొక్కాలే.
జీతాలు ఆగినాయన్నారు. నా బిల్లూ ఆగింది.
మేనేజరు పరాంకుశం "వచ్చేవారం" అన్నాడు.
వచ్చేవారాలు వస్తానే ఉండాయి.
నీవానది ఇసక కింద పండుకోనుంది,
ట్యాంకరోడు బిందెకింతని లెక్క కడతాడు,
సబ్బు ఉద్దర.

ఒక సాయంత్రం ఎనిమిదో నంబరు వచ్చినాడు,
మిజోరం పిల్లోడు, రిన్‌సంగా.
తడి చొక్కానే తీసుకుంటానని సైగ చేసినాడు.
కూర్చోబెట్టి సంగటీ ఊరిబిండీ పెడితే
కళ్ళమ్మడి నీళ్ళు, ఆపకుండా తిన్నాడు.
గోలంటే ఏందబ్బా అని అడిగినా.
చాకిరేవు బండమీద రెండు చెప్పులు దూరంగా పెట్టి
సబ్బుబిళ్ళని నడాన తోసినాడు.
"ఇంతేనా?" అన్నా.
"ఇంతేనా" అన్నాడు, నా మాట నాకే,
నవ్వకుండా.

ఇంక ముప్పై ఒకటి.
అది రెండో గోలీది, పీలేరు ఖాజాపీరుది.
వంకాయరంగు చొక్కా.
ప్రతి సోమవారం మచ్చ లేకుండా వస్తుంది,
వీపున బెంచీ పలకల గీతలు, అంతే.
ఉతక్కుండా మడిచిచ్చినా ఎవురికీ తెలీదు.
ఒక్కపూట అట్ల చేద్దామనే అనుకున్నా.
ముక్కుకాడ పెట్టుకుంటే
చంకల్లో చెమట.
ఆడనోడికి అంత చెమట యాడిది?
లేచి లేచి కూర్చున్న చెమటేమో.
పదకొండు మంది ఉప్పూ ఆ ఉప్పూ
బకెట్లో ఒకటే.
ఉతికినా.

చైత్రం ఆఖరికి బెంగళూర మామిడికాయలు
లారీలకెక్కి జ్యూసు ఫ్యాక్టరీలకి పోతాండాయి.
మనోళ్ళు పైకీ పోలేదు, కిందికీ పళ్ళేదు,
ఎనిమిదో చోట నిలబడినారు.
ఆఖరి మూట విప్పితే
అన్నిటికంటే పైన ముప్పై ఒకటి.

ఎడంచెయ్యి కుట్టు ఊడింది.
కాలరులో గడ్డిపరకలు.
రొమ్ముమీద గుండ్రంగా, ఎర్రగా, ఒక అచ్చు,
బంతి కుట్లు కూడా లెక్కబెట్టొచ్చు.
తిరగబడీ లేదు, మడతా లేదు,
పిడికిట్లో పిసికినట్టు ఉండలాగుంది.
గెలిచినట్టా? ఓడినట్టా?
అయిదు నెలల్లో నేను నేర్చిన చదువు
ఆ ఉండకాడ ఆగిపోయింది.
గజేంద్రని అడిగినా.
టెంపోలో నిద్రపోయినానన్నాడు.

దాచిపెట్టుకుందామని అనిపించలేదు.
ఉతకడానికే గదా వచ్చింది.
నీళ్ళలో ముంచితే ఎరుపు ముందు అంచుల్లో కదిలింది,
కుట్ల గీతలు ఆఖరికి పోయినాయి.
తీగె నడాన ఆరేసినా, నాలుగు క్లిప్పులు పెట్టి.

మేజోళ్ళు లెక్కబెట్టినా.
ఈసారి ఒకటి ఎక్కువ.
పచ్చది.
మన రంగు కాదు.