నీటికత్తెర

ఎర్రజెండా లేచిన రోజు
ఆర్జిపల్లి పడవలు ఒడ్డునే బోర్లా పడుకుంటాయి.
గుండ్లు సముద్రాన్ని కొడతాయి.
ఏ తప్పుకో దానికీ తెలీదు.

కంచె అవతల ఇసకదిబ్బ మీద
మూడు జతలు.
ఒడియావాళ్లు పాణిచిరా అంటారు,
మా అమ్మ నీటికత్తెర అనేది:
కింది ముక్కు పొడుగు, పైది పొట్టి,
ఉప్పుటేరుని చీరముక్కలా కోసుకుంటూ పోతుంది,
కుట్లు ఏరే వేసుకుంటుంది.

పోయిన ఫాల్గుణంలో
సెంట్రీ నా పుస్తకం లాక్కున్నాడు.
“మూడు, మూడు, రెండు, మూడు. ఏంటీ లెక్క?”
గుడ్లు సార్, అన్నాను.
వాడికొచ్చిన అరకొర తెలుగులో
అది గుండ్లయింది.
రెండు రోజులు కూర్చోబెట్టారు. టీ మాత్రం ఇచ్చారు.
పుస్తకం ఇవ్వలేదు.
ఇప్పుడు పడవ లోపలి చెక్క మీద బొగ్గుతో రాస్తున్నాను.

నిజం చెప్పాలంటే వాటిని కాసింది ఆ కంచే.
మాకు దారుంటే అక్కడ వలలు ఆరేసుకుందుం,
గుడ్లు ఏరి ఉడకేసుకుందుం.
చిన్నప్పుడు తిన్నాను నేను. నీచు వాసన.

కుక్కలకే ఎర్రజెండా చదవడం రాదు.
అందుకని రాత్రిళ్లు నేనూ, సూరాడ పోలమ్మత్తా
చేపతలల బుట్టతో కంచె పొడుగునా నడిచి
కుక్కల్ని ఊరివైపు మళ్లిస్తాం.

నిన్న పొగలోంచి ఆరూ లేచాయి.
ఐదు దిగాయి.
చీకటి పడేదాకా చూశాను, ఐదే.

పొద్దున్న కొత్త సిపాయి, మీసం రాని కుర్రాడు,
కంచె దగ్గరకొచ్చాడు.
మా ఇద్దరికీ కలిసే భాష లేదు.
ఆరు చూపించాలంటే రెండు చేతులూ కావాలి.
తుపాకీ తీసి
కంచెకి ఆనించాడు.