ఎడమ పక్కకు తిరిగి

పేరు రాయించుకున్ననాడు
వనజ ఫోను మెట్‌పల్లిల రిపేరుకున్నది.
ఆశా అక్క గంగజమున, ఇంట్ల ఉన్న ఇంకో నంబరు రాసుకున్నది:
నాది.
బ్యాంకు ఓటీపీల కోసం
పానం పోకుండ రీచార్జి చేసుకుంటున్న ఇంటికాడి సిమ్ము.

గట్ల మొదలైంది.
కువైట్, మహబూలాల, ఎనిమిది మంచాల అర్ర.
అక్కడ ఏడు గొట్టంగ ఇక్కడ నాలుగున్నర.
బస్సు హారను కంటె ముందుగాల ఫోను గుర్రుమన్నది:
"అమ్మా, మీకిది పద్నాలుగో వారం.
బిడ్డ నిమ్మకాయంత ఉంది."

ఇక్కడ నన్ను బ్యాడ్జి నంబరుతోని పిలుస్తరు.
అమ్మా అన్నది ఎవలని
రెండుసార్లు చదివిన.

ఇగ మంగళవారం మంగళవారం.
"బరువులు ఎత్తకండి" అన్ననాడు
నాలుగు ఫ్లోర్లకు స్కాఫోల్డింగు పైపులు మోసిన.
"ఎండలో తిరగకండి" అన్ననాడు
పదకొండు నుంచి నాలుగు దాక పని బంద్,
ట్రక్కు కింది నీడల పండుకున్న.
ఆ ఒక్కటి పాటించిన.

"ఎడమ పక్కకు తిరిగి పడుకోండి."
నా మంచానికి ఎడమ దిక్కు గోడ.
గోడ మీద, నాకంటె ముందున్నోడు
గీసిపోయిన రోజుల గీతలు.
తిరిగి పండుకున్న.
పై మంచం నుంచి షఫీకుల్ తొంగిజూసి
తబియత్ ఖరాబా అన్నడు.
నెలలు నిండుతున్నయ్ అన్న.

అప్పటిసంది అర్రంత అడుగుడే: ఈ వారం ఎంతున్నది?
ఏ కాయంత అంటె ఆ కాయ
టేక్ బహదూర్ బకాలల కొనుక్కొచ్చి నా దిండు మీద పెడుతడు.
వంకాయ. మక్కకంకి.
బొప్పాయి తెచ్చిననాడు ఎల్లయ్య కయ్యిమన్నడు:
"కడుపుతోని ఉన్నోళ్ల ముందట గా పండా?"
నన్ను చూసి నాలుక కరుచుకున్నడు.

రాత్రి వనజకు చదివి వినిపిస్త.
ఫోను బాగై శాన్నాళ్లాయె, నంబరు మార్పిస్తనంటది.
వద్దంట.
"నువ్వు చదువుతుంటె
డాక్టరమ్మకు జలుబు చేసినట్టుంటది" అని నవ్వుతది.

ముప్పై రెండో వారం, రాత్రి దాక ఆగలె.
"తలనొప్పి, ముఖం చేతుల వాపు,
కళ్ల ముందు మెరుపులు ఉంటే వెంటనే..."
కింద హారను కొడుతనే ఉన్నది. ఫోను చేసిన.
తల నొస్తున్నదా?
ఎవలకు నొయ్యదు?
కాళ్లు?
సప్పుడు లేదు.
"రెండొద్దుల సంది మట్టెలు తిరుగుతలేవు.
గంత దూరంల ఉన్నోనికి మట్టెల ముచ్చట ఎందుకని."

గంగజమునకు చేసిన. బండి వచ్చిందాక పెట్టెయ్యలె.
ఎల్లయ్య నా పక్కనే నిలవడ్డడు, చెప్పులు చేతుల పట్టుకొని.
బస్సు పోయింది. ఇద్దరికీ ఆబ్సెంటు పడ్డది.
జగిత్యాల దవఖానల బీపీ ఎంతున్నదో
ఇప్పటికీ నాకు చెప్పరు.
చీకటి పడ్డంక చెప్పిండ్రు:
ఆపరేషన్. ఆడపిల్ల. కిలో ఆరువందలు.
వనజ కండ్లు తెరిచి నీళ్లడిగిందట.

సందేశాలకు ఈ సంగతి ఎవలూ చెప్పలె.
"అమ్మా, మీకిది ముప్పై మూడో వారం.
బిడ్డ కదలికలు లెక్కపెట్టుకోండి."
కింద ఎప్పటి మాటనే: ఆపాలంటే ఒకటి నొక్కండి.
నొక్కలె.
గోడ దిక్కు తిరిగి లెక్కపెట్టిన.
బామ్మర్ది పంపిన వీడియో పన్నెండు సెకండ్లు.
అద్దాల డబ్బల, కాలు మూడుసార్లు ఆడిచ్చింది.
మళ్ల పెట్టిన.
మళ్ల మూడే.

డ్యూటీ దిగినంక బకాలకు పోయిన.
కర్బూజలు ఒక్కోటి కాంటా మీద పెట్టుడు, తీసుడు.
దుకాణపాయన యాష్టపడ్డడు.
పదకొండోది సరిగ్గ కిలో ఆరువందలు.

లిఫ్టు ఖరాబు.
బరువులు ఎత్తొద్దన్నది యాదికున్నది.
రెండు చేతులల్ల పట్టుకొని
ఆరు అంతస్తులు ఎక్కిన.